నా ముసుగు మీద వాలినది

ఎనభైల చివర్లో మేము కోదాడలో ఉండేవాళ్లం. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. ఏడాదిగా పిలుస్తుంటే పక్కింటి యాదమ్మక్క ఒక వారం మొదటిసారి వచ్చింది. ఆమె మనసు ప్రభువు వైపు తిరగాలని నా ఆశ.

అందరం మోకాళ్లూని, కళ్లు మూసుకుని, గొంతెత్తి ప్రార్థిస్తున్నాం. ఇంతలో నా ముసుగు మీద మెత్తగా, వెచ్చగా ఏదో ఆనింది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించే పాస్టరుగారి గొంతేమో గది ఆ చివర వినిపిస్తోంది. మరి ఈ చెయ్యి ఎవరిది?

"యాదమ్మక్కా! ప్రభువు నన్ను ముట్టాడు! ఆయన చెయ్యి నా తల మీదే ఉంది!" అని ఏడుస్తూ అరిచాను.

ప్రార్థన ఆగిపోయింది.

"చెయ్యి గాదు చెల్లే, గబ్బిలం. జర కదలకు," అంది యాదమ్మక్క.

మా పెరట్లో జామపండ్లకు వచ్చే చిన్న గబ్బిలం, పండు ముక్క కరుచుకుని కిటికీలోంచి వచ్చిందట. అది అపవిత్రమైన జీవి అని మొన్న ఆదివారమే పిల్లలకు బైబిలు పాఠం చెప్పాను. సిగ్గుతో తల దించుకుందామన్నా, అది మొహం మీదకు వస్తుందేమోనని దించలేకపోయాను. యాదమ్మక్క దాన్ని కొంగుతో మెల్లగా పట్టి బయట వదిలింది. తర్వాత పాస్టరుగారితో సహా అందరూ నవ్వారు.

ఆమె ఇక రాదనుకున్నాను. మొహం చెల్లక మరుసటి వారం పిలవలేదు. తనే వచ్చింది.

"పిలువలేదేంది చెల్లే? కిటికీకాడ నేను కూసుంటలే. నువ్వు మంచిగ కండ్లు మూసుకో."

ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, నేను కళ్లు మూసుకున్నాను. ఇప్పటికీ కూడికలో ప్రభువు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేముందు ఒకసారి తల తడుముకుంటాను.