చిలకమ్మ పడక

చిలకమ్మ ఇంకొకరి ఇంట్లో నిద్ర చేసి ఎన్నో ఏళ్లయింది. పెళ్లికి పిలిస్తే ముహూర్తం వేళకు వెళ్లి, భోజనం కాగానే బయలుదేరి, చీకటి పడకముందే ఇల్లు చేరేది. పెద్దకూతురు కళ్యాణికి టాటానగర్‌లో రెండో కాన్పు అయినప్పుడు కూడా పొద్దుటి బండికి వెళ్లి సాయంత్రం బండికి తిరిగొచ్చింది. రాత్రికి ఉండమ్మా అని కళ్యాణి అడగలేదు. మొహం మాత్రం గోడవైపు తిప్పుకుంది.

కారణం ఒక్కటే. చిన్నకూతురు పుట్టినప్పుడు కాన్పు బాగా కష్టమైంది. అప్పటినుంచి గట్టిగా దగ్గినా, తుమ్మినా, ఆదమరిచి నిద్రపోయినా చిలకమ్మకు తెలియకుండానే బట్టలు తడిసిపోయేవి. వయసు మీద పడేకొద్దీ అది ఎక్కువైంది. ఆ సంగతి ఆమె కన్నతల్లికి చెప్పలేదు, కూతుళ్లకు చెప్పలేదు, రైల్వే ఆస్పత్రి డాక్టరమ్మకు చెప్పలేదు. మొగుడికి అసలే చెప్పలేదు.

మొగుడు జగ్గారావు గూడ్సు బండి డ్రైవరు కావడం వల్లనే ఇన్నేళ్లు దాచగలిగింది. బెంగాలీవాళ్ల రైల్వే ఊళ్లో, ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లో ఉన్నంతకాలం అతను ఇంట్లో పడుకున్న రాత్రులకంటే ఊరూరా డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూముల్లో గడిపిన రాత్రులే ఎక్కువ. అతను ఇంట్లో ఉన్న రోజున నడుం నొప్పి, మంచం పడదు అని చెప్పి ఆమె కింద చాప వేసుకునేది. చాప మీద రబ్బరు గుడ్డ, దాని మీద పాత చీరల బొంత. అతను లేచేసరికి బొంత ఉతికి ఆరేసి ఉండేది. మా సిలకంత శుభ్రం మనిషి ఇంకోత్తి నేదు అని అతను పదిమందిలో మెచ్చుకుంటుంటే ఆమెకు తలెత్తి చూడబుద్ధయ్యేది కాదు.

రిటైరయ్యాక వాళ్లు మలంచా రోడ్డు వెనక సందులో కట్టుకున్న చిన్న ఇంట్లోకి మారారు. అక్కడికి వచ్చాక జగ్గారావుకు జీపు పిచ్చి పట్టింది. వేలంలో ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. రాళ్లయినా ఇసుకైనా వాగైనా దిగి ఎక్కే బండి. దాంట్లో బెల్‌పహాడీ కొండలకు, ఆ ఎర్రమట్టి అడవి దారులకు వెళ్లాలి, ఎక్కడ బాగుంటే అక్కడే పడుకోవాలి. ఇదీ అతని కోరిక.

"ఉజ్జోగమంతా పట్టాల మీదే తిరిగినాను సిలకా. ఎవుడో సిగ్నలిస్తే కదిలినాను, ఎవుడో ఎర్రలైటేస్తే ఆగినాను. ఇప్పుడు నాకు నచ్చిన కాడ ఆపుతాను. నువ్వు పక్కన ఉండాల, అంతే" అన్నాడు.

పక్కన అంటే రాత్రుళ్లు కూడానని చిలకమ్మకు అర్థమైంది.

అతను ఫోన్లో వీడియోలు చూసి చూసి పడక ఎలా వెయ్యాలా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. మొదట జీపు నెత్తి మీద విప్పుకునే టెంటు అన్నాడు. పురుగూ పుట్రా రాదు, గాలి బాగా ఆడుతుంది అని నచ్చచెప్పాడు.

"నిచ్చెనెక్కి పడుకోడానికి నానేటి కోతినా బావా" అంది చిలకమ్మ. జగ్గారావు ఆమెకు మేనత్త కొడుకు.

అయితే నేల మీద టెంటు వేసి గాలి పరుపు పరుద్దామన్నాడు. పాములొస్తాయంది. మడత మంచాలు కొందామన్నాడు. నడుం పట్టేస్తుందంది. చివరికి జీపు వెనక సీట్లు తీసేసి, చెక్క పలకలు బిగించి, వాటి మీద ఫోమ్ పరుపు వేస్తే ఇద్దరం పక్కపక్కనే హాయిగా పడుకోవచ్చు అన్నాడు. అన్నిటికంటే ఆమెను భయపెట్టింది ఇదే. ఆ ఇరుకులో అతనికి తెలియకుండా లేవడం ఎలా? దానికి మాత్రం వంక ఏమీ దొరకలేదు.

"నీకు సుఖం సాలదనే గదా నీ బాధ" అంటూ అతను గోల్‌బజార్ నుంచి దళసరి ఫోమ్ తెచ్చాడు. కింద గట్టిది, పైన మెత్తది, రెండు వరసలు. పసుపుపచ్చ గుడ్డతో గలీబు కుట్టించాడు. అతను మెత్తదనం పెంచేకొద్దీ చిలకమ్మకు భయం పెరిగింది. ఒకరోజు అతను పలక మీద చెయ్యి ఆనించి, ఆమెవైపు చూడకుండా అన్నాడు. "నాతో రావడం ఇష్టం నేకపోతే ఆ మాటే సెప్పెయ్. పరుపు మీద పెట్టి సెప్పకు."

ఆ మాట పడ్డాక ఇంక కాదనలేకపోయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఒక్క నిమిషం పడుకుని చూడు అని అతను బతిమాలితే జీపు ఎక్కి ఒరిగింది. చలికాలం ఎండ వెనక తలుపులోంచి కాళ్ల మీద పడుతోంది. రాత్రుళ్లు మాటిమాటికీ లేచే మనిషి, కడుపునిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో. జగ్గారావు పక్కింటి దావీదును షాపు నుంచి పిలుచుకు వస్తానని వెళ్లాడు. అతను గేటు దాటేలోపే ఆమెకు కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి చీర, లంగా, కింద గలీబు అన్నీ తడిసి ఉన్నాయి. ఫోమ్ అంతా పీల్చేసుకుంది. గబగబా లోపలికి పోయి చీర మార్చుకుని, బకెట్లో నీళ్లు పట్టుకుని వచ్చేసరికి జగ్గారావు, దావీదు జీపు దగ్గర నిలబడి ఉన్నారు. దావీదు వెల్డింగ్ షాపు మనిషి, పడక చూపించాలని జగ్గారావుకు ఉబలాటం. దావీదు కూతురు ఏంజలిన్ అప్పటికే పరుపు అంచున కూర్చుని కాళ్లు ఊపుతోంది. ఆరేళ్ల పిల్ల. రోజూ ఆ జీపులోనే ఆడుకునేది.

జగ్గారావు పరుపు మీద చెయ్యి వేసి తీసేశాడు. వాసన చూసుకున్నాడు. "ఏటిది, తడి?" అన్నాడు.

"ఏంజలిన్ ఇందాకటినుంచీ దీని మీదే ఆడుతంది" అంది చిలకమ్మ. ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. నోట్లోంచి అదే వచ్చేసింది.

దావీదు మొహం ఎర్రబడింది. పెళ్లాం ప్రశాంతిని కేకేశాడు. ప్రశాంతి పరుగున వచ్చి, సంగతి విని, పిల్లను కిందికి లాగింది. "ఇంత దానివయ్యావు, సిగ్గు నేదూ?" అని వీపు మీద ఒక్కటి వేసింది.

"నాను కాదు" అంది ఏంజలిన్.

"అబద్ధం కూడానా" అని ఇంకొకటి వేసింది.

"పోనీలేమ్మా, సిన్నపిల్ల" అని జగ్గారావు అడ్డుపడ్డాడు. ఏంజలిన్ ఏడవలేదు. చిలకమ్మవైపు చూసింది. మామ్మ ఏదో ఒకటి చెబుతుందని చూసింది. చిలకమ్మ వంగి గలీబు తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు చిలకమ్మ రాత్రంతా నానబెట్టిన గలీబు ఉతకబోతుంటే ప్రశాంతి సబ్బు పట్టుకుని వచ్చింది. "గలీబు ఇలాగియ్యి పిన్నీ, నాను ఉతుకుతాను. మా పిల్ల సేసిన పనికి మీకెందుకు కష్టం" అంది. తీసేసుకుని రాయి మీద పరిచింది. "ఇంకా నాను కాదనే అంటంది. ఇంత మొండితనం ఎక్కడినుంచి ఒచ్చిందో. ఒప్పుకున్నదాకా సండే స్కూలుకి పంపనని సెప్పినాను."

ప్రశాంతి చేతులు ఆ గలీబును రుద్దుతున్నాయి. చిలకమ్మ చూడలేకపోయింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది నాను ప్రశాంతీ."

"ఏటి పిన్నీ?"

"తడిపింది నాను. పిల్ల కాదు."

ప్రశాంతికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక సబ్బు కింద పెట్టింది. నోరు చేసుకుంటుందని చిలకమ్మ ఎదురుచూసింది. నోరు చేసుకుంటే కొంత నయంగా ఉండేది. ప్రశాంతి లేచి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, "పిల్లని కొట్టినాను పిన్నీ" అని మాత్రం అని వెళ్లిపోయింది.

జగ్గారావు జీపు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. మొహం కనబడని ఆ వీలు చూసుకుని చిలకమ్మ టైరు పక్కన చతికిలబడి, మొదటినుంచీ అంతా చెప్పేసింది. పానా చప్పుడు ఆగిపోయింది. అతను బయటికి జరిగి వచ్చి కూర్చున్నాడు.

"కళ్యాణి కాడ ఉండనిది ఇందుకేనా?"

"ఊఁ."

"నాతో సెప్తే ఏటయిపోతాది?"

"ఏటవుతాదో తెలీకే సెప్పలేదు."

అతను చేతికంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఇంజనులో మాకు బాత్రూములుండేవనుకున్నావేటి" అన్నాడు. "సిగ్నల్ కాడ ఆగితే దిగేవోళ్లం. ఆగకపోతే బిగబట్టుకోడమే. ఒకపాలి నావల్ల కాలేదు. పాంటు తడిసిపోనాది. నా అసిస్టెంటు బయటికి సూస్తా కూకున్నాడు. ఆ మాట నానెవరికీ సెప్పలేదు, నీకు కూడా." పానా పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "నువ్వు రోజూ బొంత ఉతుకుతుంటే శుభ్రం మనిషివనుకున్నాను. ఎంత ఎర్రోణ్ని."

ఆ సాయంత్రం ఇద్దరూ దావీదు ఇంటికి వెళ్లారు. చిలకమ్మ గడప దగ్గరే కూర్చుని, ఏంజలిన్‌తో తప్పు తనదేనని చెప్పింది. పిల్ల తల్లి కొంగు వదలకుండా విన్నది.

"రింకూకి కూడా సెప్పు. ఆడు నన్ను ఎక్కిరిస్తన్నాడు" అంది.

రింకూ ఎదురింటి బెంగాలీ కుర్రాడు. చిలకమ్మ అప్పుడే లేచి ఆ గేటుదాకా వెళ్లింది. వాడి తల్లితో, వచ్చీరాని బెంగాలీలో సగం హిందీ కలిపి, దీదీ, అది ఆ పిల్ల కాదు, నేను అని చెప్పింది. ఆవిడ ఠీక్ హై మాశీ, ఠీక్ హై అంటూ పర్వాలేదు పిన్నీ అన్నట్టు చెయ్యి ఊపింది. రెండురోజుల్లో సందంతటికీ తెలిసిపోయింది. పంపు దగ్గర తను బిందె పెట్టగానే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. చిలకమ్మ తలవంచుకుని నీళ్లు పట్టుకుని వచ్చేది. ఆ పిల్ల పడ్డది ఇదేగా అనుకునేది.

జగ్గారావే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా అని డాక్టరమ్మ మందలించింది. ఇది చాలామంది ఆడవాళ్లకు ఉండేదేనంది. కండరాలు బిగించే కసరత్తులు చెప్పింది, మందు రాసింది. పూర్తిగా పోతుందని మాటివ్వలేదు గాని, కొన్నాళ్లకు తగ్గింది. ఒక మిట్టమధ్యాహ్నం సందు చివరి సుజాతమ్మ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటాది?" అని అడిగింది. ఎవరికోసమని చిలకమ్మ అడగలేదు.

పడక మళ్లీ మొదటినుంచి కట్టారు. ఈసారి జగ్గారావు వీడియోలు చూడలేదు. నీకేటి గావాలో సెప్పు అన్నాడు. చిలకమ్మ మాట వెతుక్కుంటూ చెప్పింది. తలుపు వైపు పక్క తనకు కావాలి. లేచి దిగడానికి వెడల్పయిన మెట్టు కావాలి. మరీ మెత్తగా వద్దు, నడుం ఆనితే చాలు. అతను ఫోమ్‌ను ముక్కలుగా కోయించి, ఒక్కో ముక్కకూ జిప్పు పెట్టిన రెక్సిన్ తొడుగు కుట్టించాడు. పైన ఉతుక్కోవడానికి వీలుగా పల్చటి దూది పరుపు వేశాడు. వెనక తలుపుకు తెర కట్టాడు. రాత్రివేళ దిగకుండా ఒంటికి పోసుకోవడానికి కుర్చీలా కూర్చునే మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఒకటి ఆస్పత్రి సామాన్ల కొట్లో దొరికితే, తెచ్చి మూల పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా చిలకమ్మకు మొహం వేడెక్కేది. వద్దని మాత్రం అనలేదు.

చలి తగ్గుముఖం పట్టాక బెల్‌పహాడీ వైపు వెళ్లారు. సాలచెట్ల మధ్య, ఎర్రమట్టి దారి పక్కన జీపు ఆపుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ఆమె వైపు దుప్పటి కొంచెం తడిసింది. దాచబోయి ఆగింది. "బావా, తడిసింది" అంది. జగ్గారావు దుప్పటి తీసి మడిచి, వేరేది పరిచి, టీ పెట్టడానికి స్టవ్ వెతుక్కుంటూ పోయాడు. ఇంకో రాత్రి ఉందామని చిలకమ్మే అడిగింది.

కళ్యాణికి ఫోన్లో చెప్పడానికి మాత్రం ఆమెకు ఇంకా నోరు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో అమ్ముతుంటే రేగుపళ్లు తీసుకుంది. ఇంటికి రాగానే ఆ పొట్లం పట్టుకుని దావీదు గేటు దగ్గరికి వెళ్లింది. ఏంజలిన్ వచ్చి, గేటు తియ్యకుండానే కమ్మీల సందులోంచి పొట్లం అందుకుంది. థాంక్యూ మామ్మా అంది. ఒక పండు నోట్లో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. జీపు ఎక్కడానికి ఆ పిల్ల మళ్లీ రాలేదు. చిలకమ్మ రమ్మని పిలవలేదు.