శుక్రవారం తెరుచుకోని తలుపులు

1999. కామారెడ్డి బస్టాండు వెనక సందులో నా టైపు ఇన్‌స్టిట్యూట్ సగం ఖాళీ చేసి రెండు కంప్యూటర్లు పెట్టిన ఏడాది. హైదరాబాద్ కంపెనీ ఇంజనీర్లకే అంతుచిక్కని సర్వర్ జబ్బును ఆ సందులో కుర్చీ కదలకుండా కనిపెట్టినవాణ్ణి నేను.

నా మొదటి వెబ్‌సైట్ గిరాకీ ఎల్లారెడ్డి ఖాజా భాయ్. టేకు తలుపుల మీద నగిషీ చెక్కుతాడు. షార్జాలో ఆయన బావమరిది పనిచేసే సేటు కొత్త ఇండ్లు కట్టిస్తూ, డిజైన్లు ఇంటర్నెట్‌లో చూపిస్తే ఆర్డర్ ఇస్తానన్నాడట. అది రాకపోతే ఖాజా భాయ్ పనికి అక్కడికే పోవాలి. పాస్‌పోర్టు కూడా తయారైంది.

“తలుపులన్న పోవాలె సార్, లేకుంటే నేనన్న పోవాలె” అన్నాడు. పక్కనే ఆయన భార్య షాహీన్ బేగం, నమూనాల పుస్తకం ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

ఫొటోలు స్కాన్ చేసి, పేజీ తయారుచేసి, హైదరాబాద్‌లో ఒక కంపెనీ దగ్గర షేర్డ్ హోస్టింగ్ తీసుకున్నాను. వెబ్‌సైట్లు ఉండేది సర్వర్ అనే పెద్ద కంప్యూటర్లో. ఆ ఒక్కదాన్నే ఎన్నో సైట్లు పంచుకుంటే అది షేర్డ్ హోస్టింగ్. చవక.

కొన్నాళ్లకు షార్జా నుంచి బావమరిది ఫోన్. సేటుకు సెలవు శుక్రవారమే. రెండు శుక్రవారాలు కూర్చున్నా సగం తలుపు కనబడి ఆగిపోతోందట. ఇంకో మూడు శుక్రవారాలు ఆగుతాడట, తర్వాత పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడట.

దంపతులిద్దరినీ కూర్చోబెట్టి నా కంప్యూటర్లో పేజీ తెరిచాను. తలుపులన్నీ టక్కున వచ్చాయి. తప్పంతా అక్కడి ఫోన్ లైనుదే అన్నాను. కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లదీ అదే మాట.

అప్పుడు షాహీన్ బేగం నోరు విప్పింది. “ఇయ్యాల సోమారం గద సార్. మా ఎల్లారెడ్డి బస్సు గూడ సోమారం ఖాళీగనే ఉంటది. అంగడి రోజు ఎక్కి చూడాలె. సేటు చూసేది శుక్రవారం. అయినా మీరు ఫొటోలు పెట్టిన ఈ డబ్బల్నే చూస్తే రాక ఏం జేస్తయ్?”

ఇక దాచడం ఎందుకు, జబ్బు కనిపెట్టింది ఆమె. నేను కుర్చీ కదలలేదన్నది మాత్రం నిజం. ఒకసారి తెరిచిన పేజీ బొమ్మలను కంప్యూటర్ తన దగ్గరే దాచుకుంటుంది. దాన్ని క్యాష్ అంటారు. నేను ఇన్నాళ్లూ చూసి మురిసిపోయింది సర్వర్‌ను కాదు, నా డబ్బాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, ఆ పేజీ ఎన్నడూ తెరవని రెండో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేసరికి మొదటి తలుపు పై అడ్డచెక్క మాత్రం తెర మీదికి దిగింది. కంపెనీకి మళ్లీ ఫోన్ చేశాను. నేను మొదట్లో ఇంజనీర్లన్నది ఈ ఫోన్ ఎత్తే పిల్లగాడినే. ఆ సర్వర్ మీదే పాటల సైటు ఒకటి ఉందని, శుక్రవారం సెలవు కదా, గల్ఫ్‌లోని మనవాళ్లంతా దాని మీద పడతారని మెల్లగా చెప్పాడు. పెద్ద ప్లాన్ తీసుకోమన్నాడు. అది వేరే మెషీన్ మీదనా అని అడిగితే, కాదు, ఇదే మెషీన్ అన్నాడు. రద్దీ బస్సులో రెండు టికెట్లు కొన్నా బస్సు తొందరగా పోదు కదా.

మర్నాడే హైదరాబాద్ బస్సెక్కాను. జేబులో చీటీ, చీటీలో మూడు ప్రశ్నలు. ఒక్క సర్వర్ మీద ఎన్ని సైట్లు పెడతారు? పక్క సైటు మీద జనం పడితే మా సైటు గతేమిటి? డబ్బు కట్టకముందు ఒక్క శుక్రవారం పెట్టి చూడనిస్తారా? మొదటి హోస్టింగ్ ఆఫీసులో నవ్వారు. రెండో చోట రంగుల కాగితం చేతిలో పెట్టారు. మూడో చోట జవాబు వచ్చేదాకా లేవనని కౌంటర్ ముందే కూర్చుంటే, మధ్యాహ్నానికి లోపలినుంచి ఒకాయన వచ్చి మూడింటికీ జవాబు చెప్పి, సరేనన్నాడు.

అన్ని తప్పులూ సర్వర్‌వే కావు. ఫొటోలు నేను గోడకు తగిలించేంత పెద్దవి పెట్టాను. వాటన్నిటినీ చిన్నవి చేశాను. రెండో శుక్రవారం కొత్త సర్వర్ మీద పరీక్ష. తలుపులు ఒకదాని వెనక ఒకటి దిగాయి. మర్నాడే ఆ హోస్టింగ్ తీసుకుని, సైటు పేరును అటు మళ్లించాం. ఆ మార్పు లోకమంతటా తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి పాతది అప్పుడే మూసేయలేదు.

మూడో శుక్రవారం ముగ్గురం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. ఫోన్ మోగింది. ఖాజా భాయ్ ఉర్దూలో రెండు మాటలు మాట్లాడి, రిసీవర్ చెవికి అట్లాగే ఆనించుకుని భార్య వైపు చెయ్యి చాచాడు. “పుస్తకం ఇటియ్యి. సేటు తొమ్మిదో నంబరుది అడుగుతున్నడు.”

ఆ కేసు తర్వాత, సరుకు కొనేవాళ్లు చూసే రోజున, వాళ్లలాగే చూడనిదే ఏ సైటూ బాగుందని నేను చెప్పలేదు. హోస్టింగ్ కొనేవాళ్లు చోటు ఎంత అని ఒక్కటే అడుగుతారు. పక్కన ఎవరుంటారో కూడా అడగాలి.

ఇదంతా రాసి, మొన్న ఎల్లారెడ్డి వెళ్లి షాహీన్ బేగంకు చదివి వినిపించాను. చివరిదాకా విని కళ్లద్దాలు తీసింది.

“అంత మంచిగనే ఉంది సార్. గాని హైదరాబాద్ బస్సెక్కింది మా ఆయన. మీరు చీటీ రాసిచ్చిండ్రు, గంతే. మధ్యాహ్నం దాక లేవకుండ కూసున్నది గూడ ఆయననే. షార్జా పోవాల్సింది ఆయన గద, మీరెందుకు కూసుంటరు?”