ఇరవైమూడు వంకల ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇల్లు వెతికి చూడు అని మాత్రం ఒక్కరూ అనలేదు. వాళ్ళకేం, హాయిగా సొంత ఇళ్ళలో కూర్చుని సామెతలు చెప్పి ఉంటారు. ఆ మూడో ముక్క క్షుణ్ణంగా తెలిసిన మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కతే. వృత్తి బట్టలు కుట్టడం. అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అందరికీ ఆవిడ గోలీ అక్క.

ఆ పేరు ఊరికే రాలేదు. కుట్టుమిషను మోసుకుంటూ పదకొండు అద్దె ఇళ్ళు మారింది. ఒక్కో ఇల్లూ ఏడిపించి ఒక్కో పాఠం నేర్పింది. ఇల్లు చూడ్డానికి పొద్దున్నే చల్లగా వెళ్ళకూడదు, మిట్టమధ్యాహ్నం వెళ్ళాలి. కుళాయిలు ఒక్కొక్కటీ కాదు, అన్నీ ఒకేసారి తిప్పాలి. మంచీచెడ్డా ఓనర్ని కాదు, పక్కింటావిడని అడగాలి. గోడకి కొత్త క్యాలెండరు వేలాడుతుంటే ఎత్తి చూడాలి, బీటలు దాక్కునేది అక్కడే. వీటన్నిటికన్నా ముందు నట్టింట్లో ఒక గాజుగోలీ పెట్టి వదలాలి. కదలకపోతే సరే. దొర్లిందో, "వస్తామండీ" అని చెప్పులేసుకోవాలి. ఆ గోలీ ఎప్పుడూ ఆవిడ పర్సులోనే ఉండేది. వీధిలో ఎవరు ఇల్లు మారాలన్నా ముందు అక్కని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. అక్కని చూడగానే బ్రోకర్లకి ముచ్చెమటలు పట్టేవి.

"వంకలేనమ్మ డొంక పట్టుకుని వేలాడిందట! నీకు నచ్చే ఇల్లు ఇంకా ఎవరూ కట్టలేదే" అనేవాడు మొగుడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారను కొట్టి కొట్టి ఇంటికొచ్చాక పెళ్ళాన్ని ఆటపట్టించడమే ఆయనకి విశ్రాంతి.

"కట్టేదాకా చూస్తా. మీ బస్సు కోసం జనం చూడ్డం లేదూ?" అనేది ఆవిడ.

ఇంత తెలిసిన మనిషి ప్రస్తుతం ఉంటున్న పన్నెండో ఇల్లు ఎలాంటిదనుకున్నారు? మేడ మీద రెండు గదులు, ఒక వంటిల్లు. తొమ్మిదేళ్ళ కిందట గోలీ పెడితే బాణంలా వెళ్ళి కిటికీ మూలలో ఆగింది. మరెందుకు దిగారంటే గతిలేక. పాత ఇంటి ఓనరు వారంలో ఖాళీ చెయ్యమన్నాడు, బయట వాన. "రెండు నెలలు, అంతే" అంది అక్క. అని, దిగిన రోజే తెల్లకాగితం తీసుకుని ఇంట్లో ఉన్న వంకలన్నీ వరసగా రాసింది. లెక్కపెడితే ఇరవైమూడు తేలాయి. కాగితం అడుగున ఓనరు చేత సంతకం పెట్టించి తనకో కాపీ, ఆయనకో కాపీ ఉంచింది. ఖాళీ చేసేనాడు ఈ గీత మీరే గీశారు, ఈ పగులు మీ వల్లే అని అడ్వాన్సులో కోతపెట్టే ఓనర్లు ఆవిడకి కొత్తా?

ఓనరు గడియారాల తాత. రెండు వీధుల అవతల గడియారాలు బాగుచేసే కొట్టు, కొట్టు వెనకే ఆయన కాపురం. కంటికి చిన్న భూతద్దం పెట్టుకునే ఇరవైమూడూ చదివి, కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. ఆయనకో పట్టుదల ఉంది. ఫోన్లో ఏ బేరమూ ఒప్పుకోడు. "ముఖం చూడకుండా ఇచ్చిన మాట ముల్లు లేని గడియారం. ఎవరు ముందు నా ఎదురుగా కూర్చుని చెబితే వాళ్ళకే నా మాట" అనేవాడు.

ఆ రెండు నెలలే తొమ్మిదేళ్ళయ్యాయి. ఈ వేసవిలో తాత కబురు పెట్టాడు.

"అమ్మాయ్, మోకాళ్ళు అరిగిపోయాయి. మేడ మెట్లెక్కి అద్దె ఇల్లు చూసుకునే ఓపిక లేదు. అమ్మేస్తున్నా. ఇల్లు కొనడానికి మీకు బ్యాంకు అప్పు కూడా మంజూరైందటగా? మీరే తీసుకోకూడదూ?"

అక్క పకపకా నవ్వింది. "ఇరవైమూడు వంకలున్న ఇల్లు నేను కొనడమా? బాగుంది తాతగారూ! వీధిలో తలెత్తుకోగలనా?"

"సరే, నీ ఇష్టం. రెండు నెలల్లో ఖాళీ చెయ్యండి. ఈలోగా కొనేవాళ్ళొస్తే కాస్త తలుపు తీసి చూపించు తల్లీ, నేను మెట్లెక్కలేను."

ఒప్పుకుంది. అలా ఒకేసారి రెండు పనులు మీద పడ్డాయి. తను కొనడానికి ఇల్లు వెతుక్కోవడం ఒకటి, తనున్న ఇల్లు ఇంకొకళ్ళకి చూపించడం రెండోది. అసలు కోరిక మాత్రం ఒక్కటే. మిషను ఇకమీదట లేవకూడదు. పదకొండుసార్లు దాన్ని మెట్ల మీద ఎత్తారు, దించారు. ఎత్తిన ప్రతిసారీ అది ఒక నెల అలిగేది, కుట్టు తప్పేది. "ఈసారి దించిన చోటే దానికి శాశ్వతం" అని ఒట్టు పెట్టుకుంది.

ఇక వేట మొదలైంది. అబ్బో, ఏం వేట! మొదటి ఇంట్లో కుళాయిలు ఆరు, నీళ్ళు ఒక్కదానిలో. అదీ ఆ ఒక్కటి తిప్పితే మెట్ల కింద ఇంకెక్కడో కారుతోంది. రెండో ఇంట్లో గోడమీద నిగనిగలాడే క్యాలెండరు. అక్క చటుక్కున ఎత్తింది. వెనక పగులు కాదు, కన్నం! కన్నంలోంచి పక్కింటాయన టీ తాగుతూ కనబడ్డాడు. "ఏం కావాలండీ?" అన్నాడు మర్యాదగా. "ఏం లేదండీ" అని అక్క క్యాలెండరు మెల్లిగా మళ్ళీ వేసేసింది. మూడో ఇంట్లో గోలీ పెట్టడమే ఆలస్యం, గది దాటి, వసారా దాటి, గుమ్మం దిగి మెట్లమీద టంగుటంగుమంటూ వీధిలోకి పోయింది. వెనకాల బ్రోకరు పరుగు! "పట్టుకోండి, పట్టుకోండి" అని అరుస్తుంటే జనం దొంగేమోననుకున్నారు. చివరికి గోలీ దొరికింది, బేరమే పోయింది. ఆ రాత్రి మొగుడు అన్నం తినలేక తినలేక తిన్నాడు, నవ్వి నవ్వి పొలమారి.

ఇక్కడ తన ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్ళ సంగతీ చూడాలి. అక్క నిజాయితీ మనిషి. గుమ్మంలోనే నిలబెట్టి, ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి, ఒకటి నుంచి ఇరవైమూడు దాకా గడగడా అప్పజెప్పేది. ముగ్గురొచ్చారు. ముగ్గురూ పదో వంక దాటకుండా తుర్రుమన్నారు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? ఇల్లమ్మేవాడు నోరు మూసుకుని కూర్చుంటే నువ్వు టముకు వేస్తున్నావ్" అన్నాడు మొగుడు.

"ఒకళ్ళ కొంప ముంచి నేను నిద్రపోలేను."

నాలుగోది ఒక నర్సు. ఆదివారం మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చింది. ఆ వేళకి రావడం చూసే అక్కకి ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది. గుమ్మంలో ఆపి కాగితం తీసింది.

"ఒకటి. బాత్రూం కుళాయి కారుతుంది."

నర్సు నవ్వింది. "రోగి చెప్పింది విని మందిచ్చేస్తామా అక్కా? చెయ్యి పట్టుకుని చూడాలిగా." అని చొరవగా లోపలికెళ్ళి కుళాయి తిప్పింది, కట్టింది. చెవి దగ్గరపెట్టి విన్నది. చుక్క లేదు.

"కారడం లేదే!"

"అయ్యో, అది... మూడేళ్ళ కిందట మా ఆయన వాషరు మార్చార్లే. రెండు! వంటింటి కిటికీకి గడియ లేదు."

నర్సు కిటికీ మూసింది. గడియ టక్కున పడింది. పాత కత్తెరలో సగాన్ని అరగదీసి అక్క తన చేత్తోనే బిగించిన గడియ అది. ఎంత బాగుందో, నర్సు రెండుసార్లు వేసి తీసింది.

"మూడు. వానాకాలంలో వీధి తలుపు నేలకి రాసుకుంటుంది" అంది అక్క, గొంతు కొంచెం తగ్గించి. అంటూండగానే గుర్తొచ్చింది, దానికి చిత్రిక పట్టించి ఆరేళ్ళయింది. నాలుగు, హాల్లో స్విచ్చి వేస్తే బాత్రూంలో దీపం వెలుగుతుంది. నర్సు వేసింది. హాల్లోనే వెలిగింది. ఎలక్ట్రీషియను కూతురికి రెండు గౌన్లు కుట్టిపెట్టి చేయించుకున్న పని! తొమ్మిది, పడగ్గది గోడ చెమ్మ. ఏదీ చెమ్మ? ఒక ఎండాకాలం మొగుడూ పెళ్ళాలిద్దరూ డాబా ఎక్కి, ఒళ్ళంతా తారు పూసుకుని, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసి పడీపడీ నవ్వుకుంటూ పూడ్చిన బీట అది. పద్నాలుగు, కిటికీ సందుల్లో గాలి ఈల వేస్తుంది. సందుల నిండా కత్తిరింపు ముక్కలతో కుట్టిన గుడ్డ పట్టీలు, అదీ పూలపూలవి.

ఇలా ఒక్కో వంకా చదవడం, నర్సు వెళ్ళి చూడడం, వంక మాయమైపోవడం! తొమ్మిదేళ్ళుగా ఇంటిని తిడుతూ తిడుతూనే ఒక్కొక్కటీ బాగుచేసుకుంటూ వచ్చింది కానీ, కాగితం మీద కొట్టెయ్యడం మర్చిపోయింది మహాతల్లి. వంకలు తగ్గేకొద్దీ నర్సు మొహం వెలిగిపోతోంది. అక్క గుండెలో మాత్రం రాయి పడింది. ఇరవై చదివేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చక్కని ఇల్లు ఊళ్ళో ఇంకోటి లేదు. దాన్ని తనే, తన నోటితోనే, పరాయి వాళ్ళకి అప్పగిస్తోంది!

"ఇరవైమూడు" అంది ఆశగా, ఏడుపు గొంతుతో. "నేల వాలుగా ఉంది."

ఇది మాత్రం నిజం. గోలీ తీసి నట్టింట్లో పెట్టింది. దేవుడా, బాగా దొర్లు తల్లీ అనుకుంది. గోలీ ఏమాత్రం పరువు తీయకుండా సర్రున వెళ్ళి కిటికీ మూలలో మిషను కాలికి తగిలి ఆగింది. ఆ కాలికింద నాలుగు మడతల గుడ్డ ఉంది. వాలు సరిచెయ్యడానికి పెట్టినది. నర్సు వంగి చూసింది.

"ఇంతేనా? ఈ మిషను ఎలాగూ మీరు తీసుకెళ్ళిపోతారుగా. ఇక్కడ మా మంచం వేసుకుంటాం, దీనికింద గుడ్డ పెట్టినట్టే మంచం కోడుకింద పెట్టుకుంటే సరి" అంటూ ఆ గుడ్డమడత లాగబోయింది.

"తియ్యకు!" అని అరిచింది అక్క. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "తియ్యకమ్మా. ఈ మిషను ఎక్కడికీ రాదు. నేనూ రాను. ఈ ఇల్లు నేనే కొంటున్నాను."

నర్సు నోరు తెరిచింది. "ఇరవైమూడు వంకలు చెప్పింది మీరే కదక్కా!"

"చెప్పాను. అన్నీ నేనే బాగుచేసుకున్నానని నువ్వు చూపించేదాకా నాకు తెలీలేదు. నిన్ను మోసం చెయ్యను, చెప్పే వెళ్తున్నా. తాతకి ఎవరు ముందు ఎదురుగా చెబితే వాళ్ళదే ఇల్లు."

"అయితే నేనూ వస్తా" అంది నర్సు. ఆ పిల్లా తక్కువ తినలేదు.

ఇద్దరూ మెట్లు దిగారు. నడిచారు. నడక పెద్దదైంది. మలుపు తిరిగేసరికి అది పరుగే. మెడలో టేపు రెపరెపలాడుతూ అక్క ముందు, నీళ్ళసీసా ఊపుకుంటూ నర్సు వెనక. ఇద్దరికీ ఎందుకో ఆపుకోలేనంత నవ్వు. రెండో వీధిలో సిటీ బస్సు ఒకటి అడ్డంగా ఆగింది. డ్రైవరు సీట్లోంచి మొగుడు తల బయటపెట్టాడు.

"ఏమైందే? ఎవరిల్లు కాలింది?"

"మనిల్లే! కొనేస్తున్నా!"

"ఏ ఇల్లు?"

"మనం ఉంటున్నదే!"

"ఓసి నీ దుంపతెగ! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావటే!" అని, ఆ ఆనందంలో హారను ఎంత కొట్టాడంటే ప్రయాణికులంతా లేచి నిలబడ్డారు. నర్సు కూడా నవ్వు ఆగక దీపస్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ఆ నిలబడ్డమే ఆ పిల్ల పరుగుకి ఆఖరు. నిజంగా ఆయాసమో, జాలిపడి ఆగిందో తర్వాత ఎంత అడిగినా చెప్పలేదు.

తాత ఎదురుగా కుర్చీలో కూలబడి, "తాతగారూ, ఇల్లు నాకే" అంది అక్క రొప్పుతూ.

తాత భూతద్దం తీశాడు. సొరుగులోంచి తన కాపీ బయటకి లాగాడు. "ఇరవైమూడు వంకలు తల్లీ. తలెత్తుకోగలవా?"

అక్క గుక్క తిప్పుకుని, "ఇరవైరెండు పోయాయి. వాలుకి కాస్త ధర తగ్గించండి" అంది. ఎంత ప్రేమ పొంగినా అక్క అక్కే.

"వాలు నువ్వొచ్చిన నాడూ ఉంది. ముందు నీళ్ళు తాగు" అన్నాడు తాత. మాటిచ్చాడు.

వెనకాల మెల్లిగా నడిచొచ్చి గుమ్మంలో నిలబడ్డ నర్సు చెయ్యి పట్టుకుంది అక్క. "వచ్చే ఆదివారం మిట్టమధ్యాహ్నం తయారుగా ఉండు. నీకు ఇల్లు చూపించే పూచీ నాది. గోలీ నీకే ఇచ్చేస్తా."

"వాలు లేని ఇల్లా అక్కా?"

"నువ్వు ఉండే ఇల్లు" అంది అక్క.

సాయంత్రం ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని కాగితం విప్పింది. ఒక్కో వంకా చదివి, గుర్తుచేసుకుని, బట్ట మీద గీతలు గీసే నీలం సుద్దముక్కతో కొట్టేస్తూ వచ్చింది. ఇరవైమూడు దగ్గర చెయ్యి ఆగింది. గోలీ ఇంకా మిషను కాలి దగ్గరే ఉంది. దాన్ని తీసి పర్సులో వేసుకుని, కాలికింద గుడ్డమడత సరిగ్గా ఉందో లేదో తడిమి చూసింది. ఆ తర్వాత ఇరవైమూడో వంక పక్కన రాసింది, "ఉండనీ" అని.