పెద్దమ్మ కళ్లకు తగిన ఫ్లాష్

మా పెద్దమ్మ ఏ ఫోటోలో చూసినా కళ్లు మూసుకునే ఉంటుంది. పెళ్లిళ్లలో, నామకరణాల్లో తీసిన గ్రూపు ఫోటోల్లో మేమంతా ఎదురుగా చూస్తుంటే ఆమె ఒక్కతే దేవుడికి దండం పెట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఇంట్లో దాని మీద ఎప్పుడూ వేళాకోళమే. ఆమె కూడా నవ్వేది. ఒక్కసారి మాత్రం నవ్వలేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఎమ్మిగనూరులో ఉంటుంది, ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం మీదే ఉంది. నేను ఆదోనిలో ఒక బడిలో సైన్సు చెబుతాను. ఆమె నేసిన పట్టుచీరలకు ఫోటోలు తీసి, ఫోన్లో తెలిసినవాళ్లకు పంపి అమ్మిపెట్టడం సెలవు రోజుల్లో నా పని. అందుకోసమే తోటి టీచరు కొన్నాళ్లు వాడి వదిలేసిన డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాను. ఆ మధ్య హైదరాబాదులో ఉండే ఒకావిడ చీర నచ్చిందని, నేసిన మనిషిని కూడా చూడాలని ఉందని అడిగింది. పెద్దమ్మను మగ్గం దగ్గర కూర్చోబెట్టి ఫోటో తీసి పంపాను. ఆవిడ ఎంతో మర్యాదగా జవాబు రాసింది: "పాపం, ఆమెకు చూపు లేదా అండీ?"

పెద్దమ్మ నవ్వుకుంటుందని పైకి చదివాను. పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆమె చేతిలో ఆగిపోయింది.

"సూపు లేకుండానే ఈ అంచు ఏసినానా?" అంది. "నేను కండ్లు తెర్సుకొనే కూకుంటిని పాపా. నువ్వు నొక్కినంక మూసినానేమో గానీ, ముందు మూయలే."

"ముందే మూసినావు పెద్దమ్మా, ఇదిగో చూడు."

"అట్లయితే నీ డబ్బానే అబద్ధం సెప్తాంది."

ఆ మాట నన్ను వదల్లేదు. ఫ్లాష్ వెలిగి ఆరేది కన్నుమూసి తెరిచేలోపు కూడా కాదు, అంతకంటే ఎంతో తక్కువ సేపు. ఆ వెలుగు కంటికి తగిలి, రెప్ప కిందికి దిగడం మొదలయ్యేసరికే ఫోటో పడిపోయి ఉండాలి. మరి ఈమె రెప్పలు ముందే ఎట్లా పడుతున్నాయి? చెప్పకుండా తీశాను. పక్కనుంచి తీశాను. మాటల్లో పెట్టి తీశాను. ప్రతిసారీ కళ్లు మూసే ఉన్నాయి. ఫ్లాష్ ఆపేస్తే కళ్లు తెరిచే ఉంటాయి గానీ, ఒకే కిటికీ ఉన్న ఆ మగ్గం గదిలో మనిషి మసకబారి ఒక నీడలా వస్తోంది. వాకిట్లో కూర్చోబెడదామంటే మగ్గాన్ని వాకిట్లోకి తేలేం. కెమెరాలో ఉన్న చిన్న ఫ్లాష్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అది సూటిగా ముందుకే కొట్టడంతో జరీ అంతా తెల్లటి మరకలా పడుతుంది. కెమెరా నెత్తిన తగిలించుకునే ఫ్లాష్, దాని తలను ఎటైనా తిప్పుకోగలిగేది, నాకు అందే ధరలో ఏదైనా దొరుకుతుందేమో చూద్దామనుకున్నాను.

పెద్దమ్మ ఒక బంధువుల ఇంటి నామకరణానికి ఆదోని వచ్చినప్పుడు ఆమెను కూడా కెమెరా సామాన్ల అంగడికి తీసుకుపోయాను. ఫ్లాష్ ఎవరి కళ్ల కోసమో వాళ్ల మీదే పరీక్షించాలి కదా. పత్తి బస్తాల లారీలు దారికి అడ్డంగా నిలబడి ఉంటే వాటి మధ్యగా నడిచి చేరుకున్నాం. అంగడాయన పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు, పాత సామాను కూడా అమ్ముతాడు. రెండు ఫ్లాష్‌లు తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు.

"ఇది కెమెరా కంపెనీదే మేడం. మీరేం సూసుకునే పన్లేదు, ఎంత ఎలుగు కావాల్నో అదే సూసుకుంటాది. ఇంగోటి తక్కువలోది. దీంట్లో అన్నీ మీరే తిప్పుకోవాల. ఫస్టు ఫస్టు శాన ఫోటోలు సెడిపోతాయి, ఇప్పుడే సెప్తాండా."

మొదటిదాని ధర నేను కొన్న పాత కెమెరా ధరకు దగ్గరగా ఉంది. నేను రెండింటినీ తిరగేసి చూశాను. ఖరీదైనదాని అడుగున ఇత్తడి చుక్కలు నాలుగైదు ఉన్నాయి. చౌకదానికి నడిమధ్యన ఒక్కటే చుక్క.

"ఈ చుక్కలెందుకన్నా?"

"ఆ నడిమి సుక్కతో కెమెరా 'ఎలుగు' అని సెప్తాది. మిగతావాటితో రెండూ మాట్లాడుకుంటాయి, ఎంత కొట్టాల, ఎట్ల కొట్టాల అని."

ముందు ఖరీదైనది తగిలించి పెద్దమ్మను తీశాను. కళ్లు మూసి ఉన్నాయి. మళ్లీ తీశాను, మళ్లీ మూసి ఉన్నాయి. "కొందరి కండ్లే అంత మేడం," అన్నాడాయన. చౌకది తగిలించాను. మొదటి ఫోటోలో పెద్దమ్మ సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చింది, కానీ ఆ తెల్లదనంలో రెండు నల్లటి కనుపాపలు నన్నే చూస్తున్నాయి. వెలుగు తగ్గించి మళ్లీ తీశాను. కళ్లు తెరిచే ఉన్నాయి!

అంగడాయన కెమెరా లాక్కున్నంత పని చేశాడు. ఫోటోను పెద్దది చేసి చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు.

"అమ్మా, ఇప్పుడు ఏమన్నా బలవంతంగా తెర్సి పెట్టుకున్న్యావా?"

"నేనేం సేసినా నాయనా! ఎప్పుడూ కూకున్నట్టే కూకున్న్యా."

ఆయనకూ నాకూ అక్కడితో ఆగాలనిపించలేదు. ఆయన ఫోన్లో వీడియోను బాగా నెమ్మదిగా చూపించే ఏర్పాటు ఉంది. నేను ఖరీదైన ఫ్లాష్‌తో ఫోటో తీస్తుంటే ఆయన పక్కనుంచి పెద్దమ్మ ముఖాన్ని వీడియో తీశాడు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. పెద్దమ్మ ముఖం మీద ఒక చిన్న వెలుగు పడింది. రెప్పలు కదిలాయి, సగానికి దిగాయి, మూతపడ్డాయి. అప్పుడు పెద్ద వెలుగు వచ్చింది. మా కంటికి ఒక్కటిగా కనిపించిన మెరుపు నిజానికి రెండు. చౌకదానితో కూడా అట్లాగే వీడియో తీశాం. ఒకే వెలుగు పడింది, ఆరిపోయింది, ఆ తర్వాతే రెప్పలు దిగాయి.

అప్పుడర్థమైంది. కంపెనీ ఫ్లాష్ ముందు చిన్నగా ఒకసారి వెలుగుతుంది, ఆ వెలుగు మనిషి మీద పడి ఎంత తిరిగొచ్చిందో కెమెరా కొలుచుకుంటుంది. ఆ కొలత ప్రకారం ఫ్లాష్ అసలు మెరుపు కొడుతుంది. కెమెరాలోపలి ఫ్లాష్‌ది కూడా అదే పద్ధతి. చాలామందికి ఆ మధ్యలో రెప్పవేసే వ్యవధి ఉండదు. పెద్దమ్మ రెప్పలు చురుకైనవి. చౌకదానికి కొలవడం రాదు, అందుకని ముందు మెరుపూ లేదు.

"ఉండుండు," అంది పెద్దమ్మ. "నా పెండ్లి ఫోటోలో కండ్లు తెర్సే ఉండాయి గదా!"

"రీలు కెమెరా గదమ్మా అది. అప్పుడు మా ఫ్లాష్‌కు ఒకటే దెబ్బ," అన్నాడాయన. ఖరీదైన ఫ్లాష్‌ను తిరగేసి చూస్తూ, "ఇన్నేండ్లుగా ఎందర్ని కండ్లు తెరువు, తెరువు అని కసురుకుంటినో," అని తనలో తాను నవ్వుకున్నాడు.

చౌకదే కొన్నాను. ఆయన చెప్పినట్టు నిజంగానే ఎన్నో ఫోటోలు పాడయ్యాయి. ఫ్లాష్ తల పైకి తిప్పి కొడితే వెలుగు మెత్తగా దిగుతుందని ఎక్కడో చదివి, మగ్గం గదిలో పైకి తిప్పి కొట్టాను. కప్పుకు పరిచిన నల్లటి బండలు వెలుగంతా మింగేశాయి. పక్కనున్న సున్నపు గోడ వైపు తిప్పాను. గోడ నుంచి వచ్చిన వెలుగు కిటికీలోంచి వచ్చినట్టే పెద్దమ్మ మీద వాలింది. కళ్లు తెరిచి ఉన్నాయి. చీరలో పోగు పోగూ లేచి కనిపిస్తోంది.

ఎగిరి గంతేసినంత పని చేసి కెమెరా ఆమె ముందు పెట్టాను. పెద్దమ్మ తన ముఖం వైపు చూడనే లేదు. "ఈ అంచు కాడ పెద్దగా సెయ్యి," అంది. చేశాను. వేలు పెట్టి చూపించింది. "ఈడ పోగు తప్పింది. సూడు." నాకు ఏమీ కనిపించలేదు. ఆమె అప్పటికే మగ్గం దగ్గరికి పోయి, అంతవరకు నేసినదాన్ని విప్పడానికి కూర్చుంది.

"ఫోటో బాగుంది కదా పెద్దమ్మా, హైదరాబాదు ఆవిడకు పంపనా?"

"తప్పు అంచుతోనా? సరిసేసినంక ఇంగోటి తీ."

మళ్లీ వారం పోయి తీశాను. హైదరాబాదు ఆవిడ ఆ ఫోటో చూసి చీర తీసుకుంది. ఈసారి కళ్ల గురించి ఏమీ అడగలేదు, అంచు రంగు పేరేమిటని మాత్రం అడిగింది.

ఆ ఫోటో తీసిన సాయంత్రం టీ తాగుతూ పెద్దమ్మ, అంగడాయన నాకు పంపిన వీడియోను నా ఫోన్లో మళ్లీ పెట్టించుకుంది. చిన్న వెలుగు, దిగే రెప్పలు, పెద్ద వెలుగు. పదేపదే చూసింది.

"రెండు మెరుపులు ఉండాయా! నాకు ఒకటే అగుపిచ్చింది పాపా. రెప్పలకు తెలిసింది గాబట్టే గదా మూసుకున్న్యాయి. మరి నాకు తెలీకుండా వాటికెట్ల తెలిసింది?"

సైన్సు టీచరునే అయినా, తెలుసుకుని చెబుతానన్నాను. ఇంకా చదువుతూనే ఉన్నాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతోంది.