కప్పబండికి దారెటు?

మా అడుగుదాం బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు: దారి అడగడం. రోగుల్ని ఆసుపత్రికి చేర్చే ఎనిమిది చక్రాల కప్పబండిని పదకొండేళ్లుగా అదే చిత్తడిలో, అదే దారిలో నడుపుతున్న మనిషి, కనబడిన ప్రతి ఇంటి ముందూ ఆపి, "రేవుకి ఎటెళ్లాలండీ?" అనేవాడు.

నేల మీద పరిగెత్తి, నీళ్లొస్తే ఆగకుండా దిగి ఈదే బండి అది. ఆగేదల్లా డ్రైవరే. అడిగిన ప్రతి ఇల్లూ ఒక్కో దిక్కు చూపించేది. అత్తగారు తూర్పంటే కోడలు పడమరనేది. బాబాయి ఇద్దరికీ తలూపి మూడోవైపు పోయేవాడు. రేవు అక్కడే ఉండేది. పురిటినొప్పుల మనిషి బండెక్కిన రోజు మాత్రం ఎవర్నీ అడక్కుండా బాణంలా దూసుకుపోయేవాడు. ఈ తిరకాసు ఎవరికీ అంతుపట్టలేదు.

చివరికి పై ఆఫీసుకి ఫిర్యాదు వెళ్లింది. దారి తెలియని డ్రైవరును ఉంచాలో తీసేయాలో తేల్చి రాయమని, ఆరోగ్య కేంద్రం గుమాస్తానైన నన్ను బండెక్కించారు. నాకు ఈత రాదు. చక్రాలకు నీళ్లు తగిలినప్పుడల్లా కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నాను.

చిత్తడిలో ఇళ్లన్నీ మట్టిదిబ్బల మీదే. మొదటి దిబ్బ మీది అవ్వ బురదలో పుల్లతో పటం గీసి మరీ చెప్పింది. మొన్ననేగా చెప్పాను, ఈ కాలం కుర్రాళ్లకి బుర్ర నిలవదని విసుక్కుంది. ఆ కుర్రాడికి యాభై ఆరేళ్లు.

"బాబాయ్, రేవు ఎదురుగానే కనబడుతోంది" అన్నాను.

"కనబడితే మాత్రం అడక్కూడదా?"

ఈయన ఉద్యోగం ఊడినట్టేనని కాగితం తీశాను.

మూడో దిబ్బ మీద వలలల్లే పెద్దాయన ఒక్కడే ఉంటాడు. బాబాయి కేకేశాడు. పలుకు లేదు. రెండోసారి కేకేయలేదు, దూకి పరిగెత్తాడు. పెద్దాయన పొయ్యి పక్కన తుంటి విరిగి పడున్నాడు. మమ్మల్ని చూసి మూలుగుతూనే, "ఎడమవైపు పోండి" అన్నాడు.

ఆయన్ని బండిలో పడుకోబెట్టాక బాబాయి ఎవర్నీ ఏమీ అడగలేదు. బురద, నీళ్లు, తుంగ, మళ్లీ నీళ్లు, అరగంటలో ఆసుపత్రి. దారి తెలిసీ ఎందుకడుగుతావని అప్పుడు నిలదీశాను. మానవసేవే మాధవసేవ అంటాడేమోనని భయపడ్డాను. అనలేదు.

"బాగున్నారా అని చూడ్డానికొచ్చానంటే కర్ర పుచ్చుకుంటారు గుమాస్తా బాబూ. మేమేమన్నా ముసలాళ్లమా అంటారు. అదే దారడిగామనుకోండి, వాళ్లే లేచొస్తారు. లేచొచ్చి తిట్టారంటే బాగున్నట్టే."

కాగితం ముందు కూర్చున్నాను. దారి తెలుసని రాస్తే అడగడం మానమంటారు. తెలియదని రాస్తే ఉద్యోగమే మానమంటారు. కలం కొరికి కొరికి ఇలా రాశాను: "ఈయనకు దారి తెలియదు. ఎవరూ నేర్పకండి. ఇంకొకరిని వేయకండి."

దీనర్థమేమిటయ్యా అని ఆఫీసరుగారు రెండుసార్లు ఫోన్ చేశారు. రాసింది రాసినట్టే చదువుకోమన్నాను. బాబాయి ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆఫీసరుగారే ఇంకా తేరుకోలేదు.