ఆండాలక్క పెళ్ళికి నేను జరిపిన గంట

ఒకానొక శ్రావణమాసంలో అమీర్‌పేట, పంజాగుట్ట రెండూ కలిసి ఒక పూటంతా తప్పుడు టైములో బతికాయి. ఒక పంతులు, ఒక పెళ్ళికొడుకు, నలుగురు వంటవాళ్ళు, సికింద్రాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఆయన జేబుగడియారం, అందరూ ఏకంగా మోసపోయారు. మోసం చేసింది నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సర్కారు ఫర్మానా జారీ చేసినా జరగని పనిని బెంచీ ఎక్కి ఒక్క వేలితో చేసేశాను. చదువుతూ మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. ఇప్పుడు రోడ్డు దాటాలంటే పది నిమిషాలు ప్రాణాలు చేత్తో పట్టుకుని నిలబడే చోట అప్పుడు మేం సీతాఫలాలు కోసుకునేవాళ్ళం. పంజాగుట్ట వైపు బండలూ పొదలూ, అమీర్‌పేట వైపు జామతోటలూ, నవాబుల బంగళాల పొడవాటి గోడలూ. ఆ గోడల వెనకాల ఏముందో ఎవరికీ తెలియదు. మా పెంకుటిళ్ళలో ఏముందో మాత్రం అందరికీ తెలుసు. ఒకరింట్లో కూర మాడితే వాడకట్టంతా పరామర్శకు వచ్చేది.

మా నాయిన పేరు దానియేలు. మా క్రైస్తవుల చిన్న గుడిలో ఊడ్చేదీ, దీపాలు తుడిచేదీ, గంట కొట్టేదీ ఆయనే. గుడి లోపల గోడకు ఒక పెద్ద లోలకం గడియారం ఉండేది. సీమకు తిరిగిపోతూ ఒక దొరసాని ఇచ్చి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల సాదాసీదా జనానికి అందుబాటులో ఉన్న గడియారం అదొక్కటే. నాయిన దాన్ని చూసి పొద్దున ఎనిమిదికీ, మధ్యాహ్నం పన్నెండుకూ, సాయంత్రం అయిదుకూ గంట కొట్టేవాడు. హిందువులు, ముసల్మానులు, మేము, అందరి పొయ్యిలూ ఆ గంటకే వెలిగేవి. మా కోడిపుంజు కూడా నాయిన గంట విన్నాకే ధైర్యంగా కూసేదని మా అమ్మ వేళాకోళం చేసేది.

మా పక్కిల్లు మల్లయ్య పెదనాయినది. కూరగాయలు పండించేవాడు. మతం వేరైనా మాకూ వాళ్ళకూ మధ్య గోడ నడుమెత్తే ఉండేది. దాని మీదుగా చారూ, పచ్చడీ, తగాదాలూ అటూ ఇటూ వెళ్ళేవి. ఆయన కూతురు ఆండాలక్క. నాకు తల దువ్వి, పేలు చూసి, జడలు వేసేది ఆమే. ఆమె జడ వేస్తే కళ్ళు పైకి లాక్కుపోయేవి, రెండ్రోజులు మూతపడేవి కావు. అయినా ఇంకెవరి చేతా వేయించుకునేదాన్ని కాదు.

ఆమెకు పెళ్ళి కుదిరింది. ముహూర్తం పదకొండుంబావుకు. ముందురోజు నా తల దువ్వుతూ ఆండాలక్క, "రూతూ, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నువ్వు నా ఎనకాలనే ఉండాలె. నాకు బుగులైతది" అని భయంభయంగా అన్నది.

"ఉంటా అక్కా" అన్నాను. మాట ఇవ్వడం అంత తేలిక.

మరునాడు బడి ఉంది. బడి అంటే గుడి పక్కనే ఉన్న రేకుల పాక. మా ఎస్తేరు టీచరమ్మ గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. ఎక్కాల దగ్గర ఆమెకు దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు.

"టీచరమ్మా, ఆండాలక్క పెళ్ళికి పోతా."

"ఏంటీ, పెళ్ళా? పన్నెండుకు బడి వదిలాక వెళ్ళు. భోజనాలు అప్పుడే కదా."

"భోజనానికి కాదు, జీలకర్ర బెల్లానికి."

"అది నీ నెత్తిన పెట్టరుగా. కూర్చుని పద్నాలుగో ఎక్కం చెప్పు."

పద్నాలుగో ఎక్కం నాకు ఈనాటికీ రాదు. కానీ ఆ పూట నా బుర్ర పాదరసంలా పరిగెత్తింది. బడి వదిలేది పన్నెండు గంట కొడితే. గంట కొట్టేది గడియారం పన్నెండు చూపిస్తే. గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపితే నిజం పదకొండుకే బడి వదులుతారు. ముహూర్తానికి ఇంకా పావుగంట ఉండగానే పరిగెత్తి పెళ్ళిపందిట్లో ఉంటాను. ఇంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందా అని నాకే ముచ్చటేసింది.

సుద్దముక్కలు తెస్తానని చెప్పి గుడిలోకి వెళ్ళాను. నాయిన వెనకాల మొక్కలకు పాదులు చేస్తున్నాడు. బెంచీ లాగి, ఎక్కి, అద్దం తలుపు తీసి, పెద్ద ముల్లును వేలితో నెట్టాను. ముల్లు అరగంట మీదికి దిగేసరికి గడియారం ఠంగుమన్నది. ఇంకా నెడితే తొమ్మిది దెబ్బలూ తీరిగ్గా కొట్టింది. ఒక్కో దెబ్బకూ నేను ఒక్కో పాపాన్ని ఒప్పుకున్నాను. బయట పిల్లలు ఎక్కాలు అరుస్తూండబట్టి ఎవరికీ వినపడలేదు. ఎనిమిదింబావు గడియారాన్ని తొమ్మిదింబావు చేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను. సుద్దముక్కలు తేవడం మరిచిపోయాను. దానికి రెండు మొట్టికాయలు పడ్డాయి.

ఆకాశమంతా మబ్బు. సూర్యుడు ఉంటే నా బండారం బయటపడేది. ఆయన కూడా నా పక్షానే ఉన్నాడనుకున్నాను.

రెండు గంటలు గడిచాక గుడిగంట మోగింది. పన్నెండుకు ఇంకా చాలా సమయం ఉంది. మోగకూడని గంట. తలెత్తి చూశాను.

టీచరమ్మ నవ్వుతూ చెప్పింది. "ఏంటలా బిత్తరపోతావ్? మల్లయ్యగారు మీ నాన్నను అడిగారట. వాళ్ళ పంతులుగారి గడియారం పాడైపోయిందంట. ముహూర్తం టైముకు మన గంట కొట్టమన్నారు. పదకొండుంబావు అయింది. ఆండాలు పెళ్ళి అయిపోతోంది."

పాఠకులారా, నా పరిస్థితి మీకు అర్థమైందనుకుంటాను. బడిని ముందుకు జరిపాననుకున్నాను. బడితో పాటు పెళ్ళి కూడా జరిగింది. నేను ఎంత దూరం పరిగెత్తినా పెళ్ళి నాకంటే ముప్పావుగంట ముందే ఉంటుంది.

అది చిన్న బాధ. పెద్ద బాధ వెంటనే గుర్తొచ్చింది. ముహూర్తం తప్పింది. ఆండాలక్క నాయనమ్మ మాకు ఒక కథ చెప్పేది. యూసుఫ్‌గూడలో ఎవరికో ముహూర్తం తప్పి పెళ్ళి చేస్తే, మూడోనాడు పెళ్ళికొడుకు చెంబు పట్టుకుని బయటికి పోయి, ఆ చెంబుతోనే సన్యాసుల్లో కలిసిపోయాడట. నాకు ఆండాలక్క మొగుడు, ఆయన చేతిలో చెంబు కళ్ళ ముందు కనబడ్డాయి.

"టీచరమ్మా, ఒంటికి" అని చిటికెన వేలు చూపించి, ఆమె తల ఊపేలోపే పరుగందుకున్నాను. వాన మొదలైంది. బురదలో ఒకసారి పడ్డాను, లేచాను. పందిట్లోకి దూరేసరికి ఆండాలక్క, పెళ్ళికొడుకు ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ జీలకర్ర బెల్లం పట్టుకున్న చేతులను ఒకరి నెత్తి మీదికి ఒకరు లేపారు.

"ఆపున్రి. ఇంకా గంట ఉన్నది" అని ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

సరిగ్గా అప్పుడే పంతులు చెయ్యెత్తి, "గట్టిమేళం" అన్నాడు. ఆ గట్టిమేళం ఎందుకో మీకు తెలుసు కదా. శుభఘడియలో ఎవరి నోటి నుంచీ అపశకునపు మాట వినపడకూడదని. సన్నాయి, డోలు, డప్పులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. నా అరుపు నాకే వినపడలేదు. ఆండాలక్క మాత్రం తెర పక్క నుంచి నన్ను చూసి, వచ్చావా అన్నట్టు నవ్వింది. నేను బురద ముఖంతో ఏడుస్తున్నాను. ఆనందబాష్పాలనుకున్నది.

పుస్తె కట్టడమూ అయింది. వంటల దగ్గర రభస మొదలైంది. మల్లయ్య పెదనాయిన వంటవాళ్ళ మీద గరమవుతున్నాడు.

"పన్నెండైతుంది, ఇంకా అన్నం పలుకు మీదనే ఉన్నదేందిరా."

"ఎసరు సరిగ్గ టైముకే వెట్టిన పటేలా. గిది బియ్యమే మొండిది. కంట్రోలు బియ్యం" అన్నాడు వంటాయన.

ఇంతలో పందిరి ముందు జట్కా ఆగింది. పెళ్ళికొడుకు మేనమామ దిగాడు. సికింద్రాబాదులో ఏదో దఫ్తరులో పనిచేసేవాడు. షేర్వానీ, రూమీ టోపీ, జేబులో గొలుసు గడియారం. పెళ్ళికూతురి మెడలో పుస్తె చూసి ఆయన కొయ్యబారిపోయాడు.

"నేను రాకముందుకే కట్టిన్రా?"

"ముహూర్తం ఆగుతదా బావా. నీకోసం మస్తు సూసినం" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"ఇంకా అరగంట మీదనే ఉన్నది గదా. చూడు, పది గంటల నలభై నిమిషాలు."

"నీ గడియారం ఆగింది."

"ఆగలే. టిక్కు టిక్కుమంటుంది, ఇను."

"అయితే పెండ్లి వాసన సూసి నిద్రవోయింది" అన్నారెవరో. అందరూ నవ్వారు. మేనమామ ముఖం ఎర్రబడింది. ముహూర్తం తప్పించి పెళ్ళి చేశారని గట్టిగానే అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. పంతులు, "నేను గుడిగంట విని చేయించిన. నా తప్పేమున్నది" అన్నాడు. ఎవరో పరిగెత్తి మా నాయినను పిలుచుకొచ్చారు.

నాయిన చేతులకు మట్టితోనే వచ్చాడు. అంతా విని నెమ్మదిగా చెప్పాడు. "అయ్యా, పద్నాలుగేండ్ల సంది గా గంట కొడుతున్న. ఒక్క నిమిషం ఎనక గాలే, ముందు గాలే. దేవుని గుల్లె ఉన్న గడియారం అబద్ధం చెప్పది."

ఆ మాటకు తిరుగులేదు. నాయిన అబద్ధం ఆడడని వాడకట్టంతటికీ తెలుసు. మేనమామ గడియారాన్ని ఊపి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, చివరికి అందరి ముందూ దాని ముల్లును గంట ముందుకు తిప్పుకున్నాడు. నాయిన ముఖంలో గర్వం లేదు. నమ్మకం ఉంది. అది చూడలేకపోయాను. బూరెలు పెడితే రెండు కూడా తినలేకపోయాను. నా చరిత్రలో అదొక్కటే అటువంటి సంఘటన.

ఇంటికి వెళ్ళే దారిలో నాయిన చెయ్యి పట్టుకుని చెప్పేశాను. "నాయినా, గడియారం అబద్ధమే చెప్పింది. నేనే చెప్పిచ్చిన."

ఆయన ఆగిపోయాడు. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. చేతుల మట్టిని వాననీళ్ళతో కడుక్కుంటూ, "నేను అందరి ముందు మాటిస్తి గద బిడ్డా" అన్నాడు. దెబ్బలు తిన్నా అంత ఏడ్చేదాన్ని కాదు.

అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. మల్లయ్య పెదనాయినను, పంతులును బర్రెల కొట్టంలోకి పిలిచి నాయిన జరిగింది చెప్పాడు. పెదనాయిన గడ్డిమోపు మీద కూలబడ్డాడు. "పంతులూ, నా బిడ్డ గతేంది?"

పంతులు కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది. బర్రె కూడా నెమరు ఆపి చూస్తోంది. చివరికి కళ్ళు తెరిచాడు.

"పదింబావుకు సుత ముహూర్తమున్నది. నిజం జెప్పాల్నంటే గదే బలమైంది."

"మరి ముందుగాల్నే గది ఎందుకు పెట్టలే?"

"పెడదామంటే నువ్వే గదా, గప్పటికి వంట గాదంటివి."

పెదనాయిన ముందు నన్ను చూశాడు, తర్వాత పలుకు అన్నం గుర్తొచ్చిందేమో, కడుపు పట్టుకుని నవ్వాడు. "దానియేలన్నా, గీ ముచ్చట మన నలుగురి నడుమనే ఉండనియ్యి" అన్నాడు.

నాయినకు మాత్రం మనసు ఒప్పలేదు. పరాయి మనిషి తన మాట నమ్మి తప్పు గడియారం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని ఆదివారం ప్రార్థన కాగానే సికింద్రాబాదుకు నడిచాడు. నన్నూ వెంటబెట్టుకు వెళ్ళాడు. హుస్సేన్ సాగర్ గాలికి నా జడలు ఊడిపోయాయి. వేసే మనిషి అత్తారింటికి వెళ్ళిపోయిందని అప్పుడు తెలిసొచ్చింది. కట్టంతా ఏడుస్తూనే నడిచాను.

మేనమామ అంతా విని తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "సూడు అన్నా, గంట ముందుగాల దఫ్తరుకు పోతున్న. వారం సంది అందరికంటె ముందు నేనే ఉంటున్నని పెద్దసాబు మస్తు ఖుష్ అయిండు. ఇప్పుడు సరిజేస్తే నౌకరీకి ఫికరైతది. జర గట్లనే ఉండనియ్యి." తప్పు దిద్దడానికి అంత దూరం నడిచిన మా నాయిన, దిద్దనివ్వని మనిషికి దండం పెట్టి తిరిగొచ్చాడు.

ఆండాలక్క మొగుడు ఏ చెంబూ పట్టుకుని పోలేదు. వాళ్ళు యాభై ఏళ్ళకు పైగా కాపురం చేశారు. చివరి రోజుల్లో ఆమె శ్రీనగర్ కాలనీలో కొడుకు దగ్గర ఉండేది. ఒకరోజు చూడబోయి, ఆమె నెరిసిన జుట్టు నేను దువ్వుతూ, ఇన్నేళ్ళకు నోరు విప్పాను.

"అక్కా, నీ పెండ్లి గంట ముందుగాల అయింది. గుడి గడియారం నేనే జరిపిన."

ఆమె తల వెనక్కి తిప్పి నన్ను చూసింది. కోపం వచ్చిందేమోనని దువ్వెన ఆపాను.

"పొద్దుగాల సంది ఉపాసమున్ననే. పీటల మీద కండ్లు తిరుగుతుండె. ఇంకో గంటయితే గా జీలకర్ర బెల్లం ఆయన నెత్తి మీదికెల్లి తీసుకొని తిందును. జరిపేదానివి రెండు గంటలు జరపకపోతివి" అన్నది.

ఇద్దరం నవ్వి నవ్వి దగ్గాం. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. పోయిన ఏడు ఆండాలక్క వెళ్ళిపోయింది. నాయిన, మల్లయ్య పెదనాయిన, ఎస్తేరు టీచరమ్మ ఎప్పుడో వెళ్ళారు. గుడి ఉన్న చోట ఇప్పుడు పెద్ద గుడి ఉంది. గంట కొడతారట. బస్సుల మోతలో మా మనవరాలికి ఎప్పుడూ వినపడలేదట.

కనుక ఈ ముసలి రూతమ్మ పెద్దల సమక్షంలో, సంపూర్ణ స్పృహతో చేస్తున్న ప్రమాణం ఏమనగా: బతికున్నన్నాళ్ళూ ఏ గడియారం ముల్లునూ ముందుకు జరపను. వెనక్కి జరపడం గురించి మాత్రం ఎవరికీ మాట ఇవ్వలేను.