సబ్బుల రేడియోలో మా పద్మ

మా పద్మ ఈ పొద్దున రేడియోలో తెలుగు మాట్లాడింది! నా బిడ్డే!

పాటకూ పాటకూ మధ్య సబ్బుల ప్రకటనలే వస్తాయని మన చిన్నప్పుడు 'సబ్బుల రేడియో' అనేవాళ్ళం, గుర్తుందా? ఆ స్టేషనే ఇప్పుడు పేరు మార్చుకుని కొత్తగా రోజూ గంటసేపు తెలుగు కార్యక్రమం పెట్టింది. ఆ గంట నడిపేది మా పద్మ.

దాని గొంతు వినగానే మా పాత రేడియో తోలు సంచి వాసన, అరుగు మీద ఎండకు పెట్టిన బ్యాటరీలు గుర్తొచ్చాయి. మనది హిందీ రాష్ట్రం కదా, అప్పుడు రేడియోలో అన్నీ హిందీ మాటలే. అమ్మకు హిందీ రాదు. ఇప్పపూలు ఆరబోస్తూ, "ఏందిరా అంటున్నడు?" అని మాటమాటకూ అడిగేది. నేను సగం తెలిసి, సగం కల్పించి చెప్పేవాణ్ణి. భోపాల్‌పట్నంలో మీ ఇళ్ళల్లోనూ అంతే కదా!

ఈ రోజూ అలవాటు కొద్దీ చెప్పబోయాను. ముసలి అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు ఊకోరా. నా మనవరాలు చెప్పేది నాకు సమజైతాంది."

నా కళ్ళు నిండిపోయాయి.

ఇది చదివినవాళ్ళు పామేడులో పెద్దన్నకు, దంతెవాడలో చిన్నక్కకు, భద్రాచలంలో మా మరదలికి తప్పక చెప్పండి. "ఆడపిల్లకు రేడియోల పనేంది?" అన్న కిరందుల్ బావకు మాత్రం రెండుసార్లు చెప్పండి!